బుల్లబ్బాయి గారి బోణీ

మా బుల్లబ్బాయి గారికి ఉన్నది ఒకటే పిచ్చి. పొద్దున్నే ఎవరి కొట్లోనైనా సరే, బోణీ తన చేతి మీదుగానే జరగాలి. వస్తువు అవసరమా కాదా అన్నది ఆయనకి అనవసరం. షట్టరు జానెడు లేచేసరికి కింద నుంచి ఆయన చెప్పులు కనిపిస్తాయి. సగం లేచేసరికి పంచె కనిపిస్తుంది. పూర్తిగా లేచేసరికి నవ్వుతూ మనిషి మొత్తం నిలబడి ఉంటారు.

"బోణీ అయిందా అండీ?"

రాజమండ్రి ఇన్నీసుపేటలో ఈ మాట వినని వర్తకుడు లేడు. సుప్రభాతమైనా రోజూ వినబడుతుందన్న నమ్మకం లేదు గానీ ఇది మాత్రం తప్పదు.

ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. మండపేట దగ్గర ఉన్న కొబ్బరితోట కౌలుకిచ్చేసి, భార్య సూర్యకళ గారితో ఇక్కడ కాపరం పెట్టారు. తల మీద వెంట్రుక అన్నది లేదు. అలాంటి మనిషి దగ్గర నలభై రెండు దువ్వెనలున్నాయి. సైకిలు తొక్కడం రాదు, అటక మీద పదకొండు ట్యూబులున్నాయి. ఓసారి ఏదో పని మీద వాళ్ళింటికి వెళితే సూర్యకళ గారు నన్ను బీరువా దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు.

"చూడండి సురేష్‌బాబు గారూ, ఇవి పదిహేను జాకెట్లు. ఒక్కటీ నా కొలత కాదు. బోణీ టైముకి నేను నిద్ర లేవలేదని, ఈయన కొలత ఇచ్చి కుట్టించేశారు."

"ఈయన కొలతా అండీ?"

"ఆయ్. చేతులు పొడుగెట్టమని కూడా చెప్పారంట. మా ఇంట్లో ఏ వస్తువు అడిగినా డజను ఉంటాయండి, అగ్గిపెట్టె తప్ప."

బుల్లబ్బాయి గారు పక్క గదిలోంచి, "అగ్గిపెట్టెలమ్మే కొట్టు బాగా నడుస్తోందే," అన్నారు. అప్పుడా మాట నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నేను పట్టించుకోలేదు.

ఈ కాలంలో ఎవరైనా ఫోను తీసి స్కానరు మీద పెట్టేస్తారు, పక్కన డబ్బా 'పది రూపాయలు వచ్చాయి' అని అరుస్తుంది, పని అయిపోతుంది. ఈయన మాత్రం నోటు పట్టుకుని నిలబడతారు. చేతిలో పెడితేనే ఆయనకి తృప్తి. "ఫోన్లో బోణీ ఏంటండీ బాబూ! కొట్టువాడు కళ్ళకద్దుకోడానికి ఏముంటుంది, డబ్బానా?" అని వాదించేవారు. మాట సబబైనదే. కాకపోతే బుల్లబ్బాయి గారి నోటుని కళ్ళకద్దుకున్న వర్తకుణ్ణి మాత్రం నేను చూడలేదు. అందరూ రెండు వేళ్ళతో పట్టుకుని గల్లాపెట్టెలో ఓ మూలకి తోసేసేవారు. ఎందుకో చెబుతాను.

ముందు మోకాలు సంగతి చెప్పాలి. "ఎందుకండీ మీకీ బోణీల గోల?" అని ఎవరడిగినా ఆయనది ఒకటే సమాధానం. "ఏం చెయ్యమంటారండీ, బోణీ చెయ్యకపోతే ఆ రోజు నా కుడి మోకాలు పట్టేస్తుంది." అంతే. ఎముకల డాక్టరుకి చూపించుకోమంటే చూపించుకున్నారు కూడా. మోకాలు గుర్రానికున్నంత బాగుందని డాక్టరు గారు చెప్పారట. ఎక్స్‌రే తీయించుకోమని డాక్టరు చెప్పనేలేదు, అయినా అదే వీధిలో కొత్తగా ఎక్స్‌రే సెంటరు పెట్టారని నాలుగు రోజులు వరసగా వెళ్ళి నాలుగు ఎక్స్‌రేలు తీయించుకున్నారు. నాలుగింట్లోనూ అదే మోకాలు.

ఇక అసలు చిక్కు. ఊళ్ళో ఆయన చెయ్యి మంచిది కాదని పేరు.

ఉత్తినే రాలేదు ఆ పేరు. ఆయన రోజూ బోణీ చేసిన ఫ్యాన్సీ కొట్టు మూతపడింది. చెప్పుల కొట్టు మూతపడింది. జ్యూసు కొట్టు, గొడుగుల కొట్టు, సెల్లు రిపేరు కొట్టు, పచారీ కొట్టు, ఒక కుర్చీ ఉన్న క్షౌరశాల, మొత్తం ఏడు, నాలుగేళ్ళలో మూతపడ్డాయి. ఏడింట్లోనూ ఆఖరి రోజుదాకా బోణీ ఈయనదే. ఈ లెక్క కట్టింది మా పల్లంరాజు గారు. కర్రీ పాయింటు నడుపుతారు, మా చిన్న వ్యాపారుల సంఘానికి అధ్యక్షులు. గొంతు పెద్దది, నమ్మకాలు అంతకంటే పెద్దవి.

"ఐరన్ లెగ్ అంటారే, అది చాలా నయం సురేష్‌బాబూ. కాలైతే గుమ్మంలో ఆపొచ్చు. ఇది చెయ్యి. షట్టరు కిందనుంచి కూడా దూరిపోద్ది!" అనేవారాయన.

దాంతో వీధిలో అందరూ జాగ్రత్తలు మొదలెట్టారు. సైకిళ్ళు బాగుచేసే అబ్బులు, పొద్దున్నే తన కొట్లో తనే ఒక వాల్వు ట్యూబు కొనుక్కుని, "బోణీ అయిపోయిందండీ!" అని ముందే కేకేసేవాడు. జాకెట్లు కుట్టే సత్యవాణి గారు తోటికోడల్ని కూడా తీసుకొచ్చి మొదటి గిరాకీగా నిలబెట్టేవారు. పల్లంరాజు గారి తెలివి వేరు. ఆయన బోణీకి బావమరిది వచ్చేవాడు. బుల్లబ్బాయి గారు మాత్రం బేరాలన్నీ మొదలయ్యాక, పదకొండు దాటాక, వెనక గుమ్మంలోంచి రావచ్చు. ఎందుకంటే వచ్చినప్పుడల్లా ఆయన ఎండు రొయ్యల పొట్లం ఒకటి ఊరికే ఇచ్చి వెళ్ళేవారు.

"మేం నీసు మానేసి ఇరవై ఏళ్ళయింది కదండీ. అన్నవరం మొక్కు. పారెయ్యలేక తెచ్చాను," అనేవారు బుల్లబ్బాయి గారు.

"మరి తిననోళ్ళు ఎందుకు కొంటారండీ?" అని పల్లంరాజు గారు ఒక్కసారి కూడా అడగలేదు. ఊరికే వచ్చేదాన్ని అడక్కూడదని ఆయన ఉద్దేశం. ఆ రొయ్యలు వేసి చేసిన వంకాయ కూర కోసం మధ్యాహ్నం పన్నెండింటికే క్యారేజీలు క్యూ కట్టేవి.

నా సంగతీ చెప్పుకోవాలి కదా. ఎనిమిదేళ్ళ కిందట నేను జిరాక్సు, ఫ్లెక్సుల కొట్టు పెట్టినప్పుడు మొదటి ఏడు నెలలూ బుల్లబ్బాయి గారే నా బోణీ. రోజూ ఒకే కాగితం తెచ్చేవారు, ఎప్పటిదో పాత కరెంటు బిల్లు. "ఒక కాపీ అండి," అనేవారు. ఏడు నెలల్లో ఆ బిల్లు ఎన్ని కాపీలైందో లెక్కేస్తే కరెంటు ఆఫీసులో కూడా అన్ని ఉండవు. అప్పట్లో నాకు రోజుకి పది మంది వస్తే గొప్ప. తర్వాత ఒక రోజు ఆయన రావడం మానేశారు. అప్పటికే కాలేజీ పిల్లలు నా కొట్టు మరిగారు, గిరాకీ ఊపందుకుంది. 'పీడ విరగడైంది, ఆయన మానేశారు కాబట్టే కలిసొచ్చింది' అని కొబ్బరికాయ కొట్టాను. కాయ ఎవరి తోటదో మరి.

మొన్న ఆగస్టు ముప్ఫైన జాతీయ చిన్న పరిశ్రమల దినోత్సవం వచ్చింది. ఏటా వస్తుంది, ఏటా మేం ఒక ఫ్లెక్సు కట్టి, ఒక టీ తాగి ఇంటికెళ్ళేవాళ్ళం. ఈసారి సంఘానికి ఊపొచ్చింది. కల్యాణ మండపం తీసుకుని ముప్ఫై రెండు స్టాళ్ళు పెట్టాం. సంఘం కార్యదర్శిని కాబట్టి చాకిరీ నాది, మైకు పల్లంరాజు గారిది.

పండగకి ఒక బహుమతి కూడా పెట్టాం. మార్కెట్లో సంఘానికున్న గదుల్లో ఒకటి ఖాళీ అయింది. వచ్చిన ప్రతి మనిషికీ గుమ్మంలో ఒక గులాబీరంగు చీటీ ఇస్తాం. నచ్చిన స్టాలు ముందున్న డబ్బాలో అది వెయ్యాలి. సాయంత్రం ఐదింటికి ఎవరి డబ్బాలో చీటీలు ఎక్కువుంటే ఆ గది ఏడాది పాటు అద్దె లేకుండా వాళ్ళది.

ముప్ఫై రెండు మందిలో ఆ గది నిజంగా కావలసిన మనిషి ఒక్కతే. పేరు లోవలక్ష్మి. కోరంగి అవతల సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన జాలరి మనిషి. కోటిపల్లి బస్టాండు దగ్గర రోడ్డు పక్కన తట్ట పెట్టుకుని ఎండు రొయ్యలు, ఎండు చేపలు అమ్ముతుంది. ఎండు రొయ్యకి చెమ్మ తగిలిందంటే పని అయిపోయినట్టే. వాన పడితే తట్ట మీద పట్టా కప్పుకుని ఆవిడ తడుస్తూ కూర్చుంటుంది. అయినా సరుకు పాడవుతుంది. ముందురోజు స్టాలు రాసుకోడానికి వచ్చినప్పుడు నాతో, "ఈ వానాకాలం కూడా రోడ్డు మీదే అయితే ఇంక నా వల్ల కాదు బాబూ, మా ఊరెళ్ళిపోయి చేపలారబెట్టే కూలికి పోతాను. నాకు పైన కప్పు ఒకటి చాలండి," అంది. నా మనసంతా అదోలా అయిపోయింది. కానీ స్టాళ్ళకి చీట్లు తీశాం కాబట్టి ఆవిడకి మూల స్టాలు వచ్చింది, జనరేటరు పక్కన, మెట్ల వెనకాల.

పండగకి ముందు రాత్రే పల్లంరాజు గారికి దిగులు పట్టుకుంది.

"రేపు ముప్ఫై రెండు కొత్త బోణీలు సురేష్‌బాబూ! ఆయన వదులుతాడా? ఒక్కొక్కటీ ముట్టుకుంటూ పోతే సంఘం సంఘమంతా మూతపడుద్ది."

"రావద్దని ఎలా చెబుతామండీ?"

"రావద్దనకు. వేదికెక్కించేద్దాం. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెడితే మనిషి కదలడు. మర్యాద కూడా."

అలా బుల్లబ్బాయి గారికి 'ఉత్తమ వినియోగదారు' బిరుదు ఖాయం చేశాం. సర్టిఫికెట్టు నేనే ప్రింటు కొట్టాను. మర్యాద చేస్తున్నామని ఆయన సంబరపడి, ఇస్త్రీ పంచె కట్టుకుని తొమ్మిదింటికే వచ్చేశారు. చేయి పట్టుకుని తిన్నగా వేదిక మీదికి తీసుకెళ్ళి, రెండు పక్కలా మనుషుల్ని పెట్టి మధ్యలో కూర్చోబెట్టాం. శాలువా కప్పాం. దండ వేశాం. ఆయన మెడ చాచి స్టాళ్ళవైపు చూస్తూనే ఉన్నారు.

"సురేష్‌బాబు గారూ, బోణీలు అయ్యాయా అండీ?"

"అన్నీ అయిపోయాయండీ. మీరు హాయిగా కూర్చోండి."

అబద్ధమే. ఏం చెయ్యను, కార్యదర్శిని.

బయట తెరిపి లేని వాన. గోదారి ఎర్రగా పొంగుతోంది. అయినా జనం బాగానే వచ్చారు. తబిత చేసిన కేకుల దగ్గర, తేగల పిండి స్టాలు దగ్గర డబ్బాలు నిండుతున్నాయి. పన్నెండింటికి ఓ చుట్టు తిరిగి చూశాను. లోవలక్ష్మి డబ్బా ఊపితే చప్పుడు లేదు. జనరేటరు మోతకి, ఎండు చేపల వాసనకి, మెట్ల దాకా వచ్చినవాళ్ళు కూడా వెనక్కి తిరిగిపోతున్నారు. ఆవిడ పొట్లాలు సర్దిన వరసనే మళ్ళీ మళ్ళీ సర్దుతోంది.

వేదిక మీద ఒక అధికారి గారు వ్యవస్థాపక స్ఫూర్తి గురించి మాట్లాడుతున్నారు. నలభై నిమిషాలైంది. ఇంకా ఉపోద్ఘాతంలోనే ఉన్నారు. "కొత్తగా వ్యాపారం మొదలెట్టిన మనిషికి సమాజం అండగా నిలబడాలి," అని ఆయన అంటుండగా, వెనక కుర్చీలోంచి బుల్లబ్బాయి గారు చటుక్కున లేచి నిలబడ్డారు. అధికారి గారు తన మాటకి స్పందన అనుకుని సంతోషించారు. బుల్లబ్బాయి గారు ఆయన పక్కనుంచే నడిచి మెట్లు దిగేశారు.

శాలువా ఈడ్చుకుంటూ, మెడలో దండతో, ముప్ఫై ఒక్క స్టాళ్ళు దాటుకుంటూ ఒక్కటి కూడా చూడకుండా తిన్నగా మూలకి నడుస్తున్నారు. పల్లంరాజు గారు, "పట్టుకో! పట్టుకో!" అంటున్నారు. చేతిలో మైకుందన్న సంగతి మర్చిపోయారు. హాలంతా తిరిగి చూసింది. అధికారి గారు ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో అందరికీ స్పష్టంగా వినబడింది.

"బోణీ అయిందా అమ్మా?"

"అవలేదండి బాబూ. పొద్దున్నుంచీ ఒక్కరూ రాలేదు."

ఆయన ఒక పొట్లం తీసుకుని, వంద నోటు ఆవిడ చేతిలో పెట్టారు. లోవలక్ష్మి ఆ నోటు రెండు కళ్ళకీ అద్దుకుంది. అంతమంది చూస్తుండగా, నెమ్మదిగా, దేవుడి దగ్గర హారతి తీసుకున్నట్టు.

"అయిపోయింది," అన్నారు పల్లంరాజు గారు, ఈసారీ మైకులోనే. "పాపం ఆవిడ పని అయిపోయింది."

నేను పరిగెత్తాను. బుల్లబ్బాయి గారిని పక్కకి తప్పించి, గొంతు తగ్గించి చెప్పాను. "ఏమనుకోకు లోవలక్ష్మీ. నీకు తెలీదు. ఆయన చెయ్యి మంచిది కాదు."

"ఎవరి చెయ్యండి?"

"బుల్లబ్బాయి గారిదే."

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "అదేటండి బాబూ అలాగంటారు! రెండేళ్ళ నుంచీ రోజూ ఆయనదే కదండీ నాకు బోణీ? వానొచ్చినా గొడుగేసుకుని వత్తారు. ఆయనొచ్చిందాకా నేను తట్ట మీద గుడ్డే తియ్యను."

"రెండేళ్ళా? మరి నీ వ్యాపారం ఏమైంది?"

"ఏటవుద్దండి? అప్పుడు ఒక తట్ట. ఇప్పుడు మూడు. నన్ను సంపేత్తంది వానండి, ఆయన కాదు."

పక్క వరసలో అబ్బులు స్టాలు. వెళ్ళి అడిగాను. "అబ్బులూ, బుల్లబ్బాయి గారు నీకెప్పుడైనా బోణీ చేశారా?"

"మొదట్లో చేశారండి, ఒక ఏడాది. అప్పుడు గిరాకీ లేదండి. తర్వాత రావడం తగ్గించేశారు. అప్పట్నుంచే కలిసొచ్చిందండి."

సత్యవాణి గారిని అడిగాను. "ఎనిమిది నెలలొచ్చారండీ. ఆయన మానేశాకే నాకు పెళ్ళిళ్ళ ఆర్డర్లు దొరికాయి."

తబితని అడిగాను. "మూడు నెలలండి. రోజూ ఒక బర్త్‌డే కేకు కొనేవారు. ఆయన మానేశాకే బేకరీ నిలబడిందండి."

స్టాలు స్టాలుకీ తిరిగాను. పందొమ్మిది మంది. పందొమ్మిది మందిదీ ఒకటే పాట, మొదట్లో వచ్చారు, మానేశాక కలిసొచ్చింది. ఇరవయ్యో వాణ్ణి నేను. నా పాటా అదే కదా! ఏడు నెలలు ఆ కరెంటు బిల్లు పట్టుకుని ఆయన ఎందుకొచ్చారో, ఎందుకు మానేశారో, ఎనిమిదేళ్ళకి నా మట్టి బుర్రకి అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి మూతపడ్డ ఏడు కొట్లో?" అని పల్లంరాజు గారు వేదిక దిగి వచ్చి నిలదీశారు.

సత్యవాణి గారు కత్తెర కింద పెట్టారు. "ఫ్యాన్సీ కొట్టు సంగతి నాకు తెలుసండీ. ఈయన వెళ్ళడం మొదలెట్టేనాటికే వాళ్ళు సామాను సగానికి అమ్మేస్తున్నారు. రిబ్బన్లు నేనే కొన్నాను. ఈయన వెళ్ళబట్టి ఇంకో ఏడాది నడిచింది."

"చెప్పుల కొట్టూ అంతేనండి," అన్నాడు అబ్బులు.

పల్లంరాజు గారు ఇంకేదో అనబోయి ఆగిపోయారు. ఆయన ముక్కు ఎగరేసి గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు. లోవలక్ష్మి స్టాలు మీదున్న పొట్లం ఒకటి తీసి, విప్పి, ఒక రొయ్య నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఇది నా రొయ్య," అన్నారు.

"మీదెలాగవుద్దండి? నేనారబెట్టిందండి," అంది లోవలక్ష్మి.

"నా కూరలో రొయ్యమ్మా ఇది! రెండేళ్ళుగా..." అని బుల్లబ్బాయి గారి వైపు తిరిగారు. "ఏమండీ, రోజూ వెనక గుమ్మంలోంచి మీరు తెచ్చింది ఈవిడ దగ్గరివా?"

బుల్లబ్బాయి గారు దొంగతనం పట్టుబడినట్టు నేల చూపులు చూశారు. "బాగుందంటే ఎక్కడిదని మీరే అడుగుతారు కదా అనుకున్నానండి. మీరు అడగలేదు."

పల్లంరాజు గారికి నమ్మకాలు ఎంత పెద్దవో చెప్పాను. మనసూ పెద్దదేనని చెప్పడం మర్చిపోయాను. ఆయన నాలుగు పొట్లాలు పట్టుకుని వరండాలో ఉన్న తన పొయ్యి దగ్గరికి వెళ్ళారు. మూకుడు పెట్టి నూనె పోశారు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేయించి, దాంట్లో ఎండు రొయ్యలు దోరగా వేగనిచ్చారు.

వానపూట, మధ్యాహ్నం ఒంటిగంటకి, ఆకలి వేళకి, ఎండు రొయ్యల వేపుడు వాసన హాల్లోకి వచ్చిందంటే ఇంక గోదావరి జిల్లా మనిషి కాళ్ళు ఆగుతాయా? అధికారి గారు ఉపోద్ఘాతం ముగించేశారు. జనమంతా వరండాలోకి పోయారు. పల్లంరాజు గారు ఆకుల్లో చిటికెడు చిటికెడు పెట్టి, మైకు అవసరం లేని గొంతుతో, "రొయ్యలు లోవలక్ష్మి గారివండీ! మెట్ల వెనక మూల స్టాలు! చీటీ కూడా అక్కడే వెయ్యాలండోయ్!" అని అరిచారు. అధ్యక్షుడు అలా అరవకూడదు, నిబంధనలకి విరుద్ధం. కార్యదర్శిని నేనే కాబట్టి నాకు వినబడలేదు.

మూడింటికల్లా పొట్లాలైపోయాయి. ఐదింటికి డబ్బా తెరిస్తే చీటీలు బల్ల మీద కుప్పగా పడ్డాయి. గది తాళం చెవి చేతిలో పెట్టినప్పుడు లోవలక్ష్మి దాన్ని కూడా కళ్ళకద్దుకుంది. మర్నాటి నుంచి కర్రీ పాయింటుకి రోజుకి రెండు కిలోలు ఆవిడే వెయ్యాలని మాట అయింది.

అందరూ వెళ్ళాక మండపం మెట్ల మీద బుల్లబ్బాయి గారు ఒక్కరూ కూర్చుని శాలువా మడత పెడుతున్నారు. పక్కన కూర్చున్నాను.

"మమ్మల్ని క్షమించాలండి," అన్నాను. "ఇన్నేళ్ళూ మీ గురించి ఏవేవో అనుకున్నాం."

"ఏమనుకున్నారండీ?" అన్నారాయన. నిజంగానే తెలియదో, తెలియనట్టు అన్నారో ఈనాటికీ నాకు తెలియదు.

"అది సరే. ఇన్ని కొట్లుండగా ఏ కొట్టుకి వెళ్ళాలో ఎలా ఎంచుకుంటారండీ?"

ఆయన కాసేపు శాలువా అంచు సవరించారు. "నడిచే కొట్టుకి నాతో పనేముందండీ? అక్కడ బోణీకి పది మంది ఉంటారు. మా పెళ్ళైన కొత్తలో మండపేటలో సోడా కొట్టు పెట్టానండి. పొద్దున్న తీసిన కొట్టులో మధ్యాహ్నం దాకా ఒక్కడూ రాకపోతే ఎలా ఉంటుందో, కూర్చున్నోడికే తెలుసు. ఆ రోజు ఎవరైనా ఒక్కడొచ్చి ఒక్క సోడా తాగుంటే, మర్నాడు కూడా తీసేవాణ్ణి." అంతలోనే గతుక్కుమన్నట్టు మోకాలు మీద చేత్తో కొట్టుకుని, "అయినా ఇదంతా ఎందుకండీ. అసలు గొడవ ఈ మోకాలు," అన్నారు.

"ఏ మోకాలండీ, కుడిదా ఎడమదా?" అన్నాను. ఆయన చెయ్యి ఎడమ మోకాలు మీదుంది.

నవ్వేసి లేచి వెళ్ళిపోయారు.

తర్వాత మూడు వారాలకి, ఓ రోజు పొద్దున్న షట్టరు ఎత్తుతుంటే జానెడు సందులోంచి చెప్పులు కనిపించాయి. తర్వాత పంచె.

"బోణీ అయిందా అండీ?"

చేతిలో అదే పాత కరెంటు బిల్లు.

"ఏమండీ," అన్నాను కంగారుగా, "నా కొట్టుకేమైందండీ? బాగానే నడుస్తోందే!"

"ఏమీ కాలేదండి. ఒక కాపీ."

ఆయన భుజం మీంచి ఎదురు వరసలోకి చూశాను. మూతపడ్డ గొడుగుల కొట్టు ముందు ఇద్దరు మనుషులు బోర్డుకి కొలతలు తీసుకుంటున్నారు. 'రమ్యశ్రీ డిజిటల్ జిరాక్స్, త్వరలో'. నా కళ్ళకి ఆనని సంగతి ఈయనకి ముందే తెలిసింది. కాపీ తీసిచ్చాను. ఆయన పది నోటు చేతిలో పెట్టారు. ఎనిమిదేళ్ళ బాకీ కలిపి రెండు కళ్ళకీ గట్టిగా అద్దుకున్నాను.

"రేపు కూడా వస్తారా అండీ?"

"ఆయ్. కొన్నాళ్ళు."

అక్టోబరులో ఆ కొట్టు తెరిచారు. రమ్యశ్రీ అంటే పాతికేళ్ళ అమ్మాయి, యజమాని ఆ అమ్మాయే. గుమ్మానికి బంతిపూలు కట్టింది. రెండో రోజు పొద్దున్న బుల్లబ్బాయి గారు ఊళ్ళో లేరు, తోట చూసుకోడానికి మండపేట వెళ్ళారు. తొమ్మిదైంది. పదైంది. నా దగ్గర ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. అక్కడ ఒక్కరూ లేరు. ఆ అమ్మాయి మిషను తుడిచింది. కాసేపాగి మళ్ళీ అదే మిషను తుడిచింది. నాకు ఆనందం వేయాలి కదండీ, వేయలేదు. ఏడు నెలల పాటు నేను తుడిచిన మిషను గుర్తొచ్చింది.

"ఐదు నిమిషాలాగండీ," అని నా గిరాకీలకి చెప్పి, బల్ల సొరుగులో బుల్లబ్బాయి గారు మర్చిపోయిన కాపీ ఒకటుంటే తీసుకుని రోడ్డు దాటాను.

"బోణీ అయిందా అమ్మా?"

ఆ అమ్మాయి నన్నూ, ఎదురుగా ఉన్న నా బోర్డునీ మార్చి మార్చి చూసింది. "అవలేదండీ. ఏమండీ, ఎదురుగా జిరాక్సు కొట్టు మీదే కదండీ?"

"ఆయ్, నాదే. ఇది ఒక కాపీ తియ్యి."

"మీ దగ్గర మిషనుండగా ఇక్కడికెందుకొచ్చారండీ?"

ఆ అమ్మాయి చేతిలో పది నోటు పెట్టి, కుడి మోకాలు రుద్దుకుంటూ నిలబడ్డాను.

"మోకాలు నొప్పమ్మా," అన్నాను.